జుట్టుపోలిగాడి బొమ్మను పిల్లలకు అంచెలంచెలుగా ఎలా నేర్పాలి?

మీరు అడిగింది ఇది. ఆదివారాలు మీ దగ్గరికి వచ్చే ఆరు నుంచి పదేళ్ల పిల్లలకు తోలుబొమ్మలాటలోని జుట్టుపోలిగాడిని కార్టూన్‌గా వేయడం నేర్పాలనుకున్నారు. బోర్డు మీద ఒక్కో గీత గీస్తూ, అదే గీత వాళ్ల చేత గీయించారు. అందరి బొమ్మలూ ఒకే అచ్చులో పోసినట్టు వచ్చాయి. ఇద్దరు ముగ్గురు "నాకు రావట్లేదు" అని ఏడ్చి కాగితాలు చించేశారు. మరుసటి వారం చూడకుండా వేయమంటే ఎవరికీ గుర్తు లేదు. అందుకని అసలు అంచెలంచెలుగా నేర్పే పద్ధతే తప్పేమోనని మీ సందేహం.

ఆ పద్ధతిలో తప్పేమీ లేదు, దాన్ని వదలకండి. అయితే ప్రతి అంచెలోనూ మీరు పిల్లలకు ఒక గీత ఇస్తున్నారు. దాని బదులు ఒక ప్రశ్న ఇవ్వండి. "ఇక్కడ ఇలా గీయండి" అంటే చెయ్యి పనిచేస్తుంది, బుర్ర ఖాళీగా ఉంటుంది. "పోలిగాడు ఇప్పుడు గర్వంగా ఉన్నాడా, భయపడి ఉన్నాడా? అయితే నడుము ఎటు వంగుతుంది?" అంటే ముందు బుర్ర కదులుతుంది, దాని వెనకే చెయ్యి కదులుతుంది. తను తేల్చుకున్న విషయం పిల్లవాడికి వారమైనా గుర్తుంటుంది. మీరు గీసిన గీత గుర్తుండదు. చాలా ఏళ్లుగా పిల్లలకు బొమ్మలు నేర్పుతున్న అనుభవంతో ఈ మాట గట్టిగా చెప్పగలను. కింద నేను రాసే ప్రతి అంచెలోనూ పిల్లలే తేల్చుకోవాల్సినది ఒకటి ఉంటుంది.

మీరు ఎంచుకున్న పాత్ర చాలా మంచిది. రామాయణమో భారతమో నడుస్తుండగా మధ్యలో జుట్టుపోలిగాడు, అతని భార్య బంగారక్క, వాళ్ల మధ్యలో దూరే కేతిగాడు తెర మీదికి వచ్చి జనాన్ని నవ్విస్తారు. రాముడి బొమ్మకు కిరీటం, నగలు, వాటి నిండా లెక్కలేనన్ని చిల్లులు. అలాంటి బొమ్మ మొదలుపెడితే ఆరేళ్ల పిల్ల కిరీటం దగ్గరే అలసిపోతుంది. పోలిగాడికి పిలక, ముక్కు, పొట్ట, ఊగే కాళ్లు చేతులు ఉంటే చాలు. ఇంకో సౌకర్యం కూడా ఉంది. పోలిగాడు ఒక్కో బృందం దగ్గర ఒక్కోలా ఉంటాడు. సినిమా కార్టూన్ పాత్ర అయితే చెవి కాస్త తేడా వచ్చినా పక్కవాడు "ఇది అది కాదు" అనేస్తాడు. పోలిగాడి విషయంలో ఆ మాట ఎవరూ అనలేరు. ఏడ్చే పిల్లలున్న క్లాసులో ఇది చాలా పెద్ద మేలు.

క్రేయాన్ పట్టించే ముందు పోలిగాడిని పరిచయం చేయండి. బొమ్మ చూపించకండి, మనిషిని చూపించండి. ఏదైనా చిన్న హాస్యం చెప్పండి. నేను చెప్పేది ఇది: బంగారక్క బావి దగ్గరికెళ్లి నీళ్లు తోడమంటుంది. పోలిగాడు వెళ్లి ఎంతకీ రాడు. ఆవిడ వెళ్లి చూస్తే బావి పక్కన నడుం మీద చెయ్యేసుకుని నిలబడి ఉంటాడు. "ఏం చేస్తున్నావు?" అంటే, "నీళ్లు తోడు అన్నావుగా, ఒంటరిగా ఉన్నాయి పాపం, తోడుగా ఉన్నాను" అంటాడు. పిల్లలు నవ్వుతారు. వెంటనే "ఆ మాట అనేటప్పుడు ఎలా నిలబడ్డాడో మీరు నిలబడి చూపించండి" అనండి. అందరూ లేచి పొట్టలు ముందుకు తోసి, గడ్డాలు పైకెత్తి నిలబడతారు. బొమ్మలో ముఖ్యమైన పని అక్కడే సగం అయిపోయింది. ఒంటితో ఒకసారి చేసిన భంగిమను పిల్లలు కాగితం మీద తేలిగ్గా పట్టుకుంటారు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. తోలుబొమ్మలాట రాత్రంతా నడిచే ఆట. నిద్ర ఆపడానికి ఈ ముగ్గురూ చెప్పే హాస్యంలో పెద్దవాళ్ల మాటలు చాలా ఉంటాయి. వీడియోలు చూపించాలనుకుంటే ముందు మీరు పూర్తిగా చూడండి. మాట తప్పుగా అర్థం చేసుకోవడం, బద్ధకం, గొప్పలు పోవడం, ఈ మూడింటి మీద నడిచే హాస్యం పిల్లలకు సరిపోతుంది. మొగుడూ పెళ్లాలు కొట్టుకునే ఘట్టాలు నేను తీసుకోను.

ఇక సామగ్రి. మామూలు ఏ4 కాగితం నిలువుగా, లేత పసుపు క్రేయాన్ ఒకటి, నల్ల స్కెచ్ పెన్ ఒకటి, రంగులు. పెన్సిల్, రబ్బరు ఈ బొమ్మకు ఇవ్వకండి. మీ క్లాసులో ఏడుపులకు సగం కారణం రబ్బరేనని నా నమ్మకం. పెన్సిల్ ఇస్తే పిల్లలు మొదటి గీతనే నొక్కి గీస్తారు, అది చెరపదు, రుద్దితే కాగితం నలుగుతుంది, ఆ మరక చూసి బొమ్మ పాడైందనుకుంటారు. పసుపు క్రేయాన్‌తో ఎన్ని గీతలు గీసినా చివర్లో నల్ల పెన్ను వేశాక అవి కంటికి ఆనవు. పైగా రంగులు వేస్తే అందులో కలిసిపోతాయి. "పసుపు గీతలన్నీ వెతుకులాట, ఎన్నైనా గీయొచ్చు" అని ఒక్కసారి చెప్పండి. పిల్లల భుజాలు వదులవడం మీకే కనబడుతుంది.

కాగితాన్ని అడ్డంగా మూడు సమాన భాగాలుగా మడిచి విప్పమనండి. పై గదిలో తల, పిలక. మధ్య గదిలో పొట్ట. కింది గదిలో కాళ్లు. ఇది ఎందుకంటే, చిన్న పిల్లలు తల నుంచి మొదలుపెట్టి పెద్దగా వేస్తారు, కాళ్ల దగ్గరికి వచ్చేసరికి చోటు ఉండదు, కాళ్లు నలిగిపోతాయి. ఆ కాళ్లు చూసి వాళ్లకే బాధ. మడత ఆ సమస్యను ముందే తీర్చేస్తుంది. ఇంకో కారణం కూడా ఉంది. నిజమైన పెద్ద మనిషి ఎత్తు దాదాపు ఏడు, ఏడున్నర తలల ఎత్తుంటుంది. కార్టూన్ మనిషిని మూడు తలల ఎత్తుకు కుదిస్తే చాలు, ఏమీ చేయకుండానే నవ్వు పుట్టించేలా తయారవుతాడు. మూడు మడతలతో ఆ కొలత దానంతటదే వచ్చేస్తుంది. పదేళ్ల పిల్లలకు ఈ లెక్క విడమరచి చెప్పండి, ఇష్టంగా వింటారు. చిన్నవాళ్లకు అక్కర్లేదు.

ఇప్పుడు మీ బోధనలో ఒక్కటంటే ఒక్కటి మార్చుకునే వీలుంటే ఇది మార్చుకోండి: బోర్డు మీద అంచె వేసి చూపించాక, పిల్లలు మొదలుపెట్టేలోపే డస్టర్‌తో తుడిచేయండి. బొమ్మ అక్కడే ఉంటే వాళ్లు బోర్డు, కాగితం, బోర్డు, కాగితం అని చూస్తూ గీతకు గీత కలుపుతారు. తుడిచేస్తే తల్లో ఉన్నదాన్ని వేయాలి. మొదటిసారి గోల చేస్తారు. అప్పుడు ఇంకో పోలిగాడిని, ఇంకోలా వేసి చూపించి మళ్లీ తుడిచేయండి. రెండు రకాలుగా చూశాక ఏది మారింది, ఏది మారలేదు అన్నది వాళ్లకే అర్థమవుతుంది. అందరివీ ఒకేలా రావడం, మరుసటి వారం మరిచిపోవడం, మీ ఫిర్యాదులు రెండూ ఇక్కడే చాలావరకు తీరతాయి.

మొదటి అంచె, ఒంటి వాలు. మెడ నుంచి మడమ దాకా ఒకే ఒక్క గీత, అంతే. ముందు వేలితో గాలిలో గీయించండి, తర్వాత క్రేయాన్‌తో. పిల్లలు తేల్చుకోవాల్సింది: గొప్పలు పోతున్నాడా, భయపడ్డాడా, నిద్రొస్తోందా? గొప్పలు పోతుంటే నడుము ముందుకు వస్తుంది, భుజాలు వెనక్కి పోతాయి. భయపడితే మొత్తం వెనక్కి ముడుచుకుంటాడు. నిద్రొస్తే తల ముందుకు వేలాడుతుంది. ఈ ఒక్క గీత కోసం తొందరపడకుండా కూర్చోండి. ఇది నిటారు కర్రలా ఉంటే పైన ఎంత అందంగా వేసినా పోలిగాడు బిగుసుకుపోయి కనిపిస్తాడు. ఇది వంగితే చాలు, మిగతావి కాస్త అటూ ఇటూ అయినా మనిషి బతికి ఉంటాడు.

రెండో అంచె, పొట్ట. మధ్య గదిలో సున్నా. వాలు గీతకు ముందు వైపుకి ఎక్కువ, వెనక వైపుకి తక్కువ వచ్చేలా వేయాలి. సాధారణంగా పిల్లలు చిన్న సున్నా వేస్తారు. దానికి కారణం వేళ్లతో గీయడం. కుర్చీలోంచి లేపి, నిలబడి, మోచెయ్యి బల్లకు ఆనకుండా భుజం నుంచి చెయ్యి తిప్పమనండి. సున్నా దానంతటదే పెద్దదవుతుంది. ఒకదాని మీద ఒకటి రెండు మూడు సున్నాలు తిప్పినా పర్వాలేదు, పసుపు కదా.

పొట్ట గురించి ఇంకో మాట. మీ పిల్లల్లో ఎవరో ఒకరు బొద్దుగా ఉంటారు. బానపొట్ట వేయగానే ఎవడో ఒకడు ఆ పిల్లవాడి పేరు ఎత్తుతాడు. అది జరిగాక సర్దడం కష్టం, కాబట్టి ముందే దారి మార్చండి. పోలిగాడిని చూసి నవ్వు వచ్చేది పొట్ట పెద్దదని కాదని, వాడి నడక వల్లనని ఇందాకటి ఆటలోనే చూపించండి. సన్నగా ఉన్న పిల్లవాడు పోలిగాడిలా నడిచినా అంతే నవ్వు వస్తుంది. పొట్ట ఎలా ఉండాలన్నది కూడా వాళ్లకే వదిలేయండి. సన్న పోలిగాడు, పొడుగు పోలిగాడు, పొట్ట కిందికి జారిన పోలిగాడు, అన్నీ రానివ్వండి. అలాగే "ఎంత వికారంగా వేస్తే అంత బాగుంటుంది" అనే మాట మన నోట రాకూడదు. నల్లటి రంగు, వంకర పళ్లు నవ్వుకి గుర్తులని పిల్లల బుర్రలో పడితే, అది కాగితం మీదితో ఆగదు.

మూడో అంచె, తల. పై గదిలో కింది భాగంలో సున్నా వేయాలి, పైన పిలకకు చోటు వదలాలి. తల ఎటు చూస్తోందో పిల్లలే తేల్చుకోవాలి. కుడిచేతి వాటం పిల్లలకు ఎడమ వైపు చూసే ముఖం తేలిగ్గా వస్తుంది, ఎడమచేతి వాటం వాళ్లకు కుడి వైపు చూసేది. కాబట్టి "అందరూ ఇటే చూపించాలి" అని అనకండి. ఎడమచేతి వాటం పిల్ల ఒకతి బోర్డు మీద ఉన్న వైపే ముక్కు తిప్పాలని తంటాలు పడుతూ ఉంటే మనకు కారణం తట్టదు, "శ్రద్ధ లేదు" అనేస్తాం. ముక్కు సున్నాలోంచి బయటికి పొడుచుకు రావాలి. ఎంత పొడుగు, మొనదేలిందా, బొండు ముక్కా, పైకి తిరిగిందా అన్నది వాళ్లిష్టం. ముక్కు కిందనే పెదవి, దాని కింద గడ్డం, మూడు మెట్లు దిగినట్టు గీస్తే పక్క ముఖం వచ్చేస్తుంది.

కన్ను దగ్గర మీకు ఒక చిత్రం ఎదురవుతుంది. ఏడు, ఎనిమిదేళ్ల పిల్లలు పక్కకు తిరిగిన ముఖం వేసి, కన్ను మాత్రం ఎదురుగా చూస్తున్నట్టు నిండుగా వేస్తారు. కొందరు రెండు కళ్లూ వేసేస్తారు. దిద్దకండి. తోలుబొమ్మల్లో చాలావాటికి ముఖం పక్కకు ఉంటుంది, కన్ను మాత్రం ఎదుటి నుంచి చూసినట్టు పెద్దగా ఉంటుంది. దూరంగా కూర్చున్నవాళ్లకు కూడా ఆ చూపు అందాలి కదా. పిల్లలు సొంతంగా కనిపెట్టుకునే పద్ధతి, బొమ్మలు చేసేవాళ్లు తరతరాలుగా పాటిస్తున్న పద్ధతి ఇక్కడ కలిశాయి. ఈ బొమ్మను పిల్లలకు నేర్పడం నాకు ఇంత ఇష్టం కావడానికి ఇదే అసలు కారణం. వాళ్లకు సహజంగా వచ్చేదాన్ని తప్పని చెప్పాల్సిన అవసరం ఉండదు.

నాలుగో అంచె, పిలక. పేరులోనే జుట్టు ఉంది కాబట్టి దీనికి తొందరపడకండి. ఎక్కడ ముడి వేశాడు, నడినెత్తి మీదా, వెనకా? మెత్తగా వాలిందా, బిర్రుగా నిలబడిందా? మొదటి అంచెలో ఒంటి వాలు ఏది తీసుకున్నారో దానికి పిలక బదులు చెప్పాలి. ఒంటి వాలు వెనక్కి ఉంటే పిలక ఎటు పోతుంది? పరిగెత్తుతుంటే ఎటు? ఒక పాప పోలిగాడికి ఒళ్లంతా ధీమాగా వేసి, పిలక మాత్రం నిట్టనిలువుగా లేపింది. ఎందుకలా అని అడిగితే "బంగారక్క గొంతు వినబడింది, పిలకకు ముందు తెలిసింది, వాడికి ఇంకా తెలీదు" అంది. ఆ మాట వినగానే క్లాసు మొత్తం తమ పిలకలు మార్చుకున్నారు. ఇలాంటిది జరగాలంటే మీరు "ఎందుకు?" అని అడగాలి, అడిగాక ఆగాలి. పిల్లలు జవాబుకి కాస్త టైమ్ తీసుకుంటారు, ఆ మౌనంలో మనం దూరకూడదు.

ఐదో అంచె కాళ్లు, చేతులు. పిల్లలకు ఎక్కువ టెన్షన్ ఇక్కడే. తోలుబొమ్మ ఎలా తయారవుతుందో అదే దారి పట్టండి. భుజం, మోచెయ్యి, మోకాలు దగ్గర విడివిడి తోలు ముక్కలను కలిపి దారంతో ముడేస్తారు, అందుకే అవి ఊగుతాయి. మనం కూడా ముందు చుక్కలు పెడదాం. భుజం దగ్గర ఒకటి, మోచేతి దగ్గర ఒకటి, మణికట్టు దగ్గర ఒకటి. చుక్కలు కలిపితే చెయ్యి ఎముక. దానికి రెండు వైపులా గీతలు గీస్తే కండ. కాళ్లకూ అంతే: తుంటి, మోకాలు, మడమ. మోచేతి చుక్క ఎక్కడ పెట్టాలన్నదే పిల్లలు తేల్చుకోవాలి. నడుం మీద చెయ్యి అయితే పక్కవాడిని అలా నిలబెట్టి, మోచెయ్యి ఒంటికి ఎంత దూరంలో ఉందో చూడమనండి. ఎదురుగా మనిషి ఉండగా బోర్డు వైపు చూడాల్సిన పని లేదు.

అరచేతిని ముందు రెండు ముక్కలుగా వేయించండి: బొటనవేలు ఒకటి, మిగతా వేళ్లన్నీ కలిపి ఒకటి. ఇష్టమున్నవాళ్లు తర్వాత గీతలు గీసి వేళ్లు విడదీసుకుంటారు. లెక్క తక్కువైనా ఏమీ అనకండి. కార్టూన్లలో నాలుగు వేళ్ల చేతులు మామూలే. పాదాలు రెండూ ముక్కు చూసే వైపుకే తిప్పితే బొమ్మకు తోలుబొమ్మ వాలకం వస్తుంది, వేయడం కూడా తేలిక.

ఆరో అంచె, ముఖంలో భావం. దీన్ని నేరుగా బొమ్మ మీద వేయించకండి. చిన్న చిత్తు కాగితం ఇచ్చి ఆరు సున్నాలు వేయమనండి. అన్నిట్లోనూ అదే కన్ను, అదే నోరు, కనుబొమ మాత్రం మారాలి. లోపలి కొస కిందికి దిగితే కోపం, అదే కొస పైకి లేస్తే బెంగ, మొత్తంగా పైకి లేస్తే ఆశ్చర్యం. చివరి సున్నాలో మాత్రం కనుగుడ్డు ఓ మూలకు జరిపితే దొంగచూపు. ఒక్క చిన్న గీత కదిలితే మనిషే మారిపోతాడని చూసినప్పుడు పిల్లల కళ్లు ఎంత పెద్దవవుతాయో. ఆ ఆరింటిలోంచి నచ్చినది ఎంచుకుని పోలిగాడికి పెడతారు. ఒక క్లాసులో ఇదొక్కటే చేయించినా నాకు తృప్తిగానే ఉంటుంది.

తర్వాత నల్ల పెన్ను. పసుపు గీతల గుంపులోంచి తమకు నచ్చిన గీతను ఏరుకుని దాని మీద నిదానంగా పెన్ను నడపాలి. ఏరుకోవడం అన్న మాట గట్టిగా చెప్పండి. లేకపోతే ఉన్న గీతలన్నిటి మీదా పెన్ను తిప్పేస్తారు. దట్టీయో, పంచెకట్టో, మొలతాడో, చెవిపోగో ఇప్పుడు చేర్చుకోవచ్చు. రంగులకు ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, నలుపు ఇస్తే చాలు, అట్టపెట్టె నిండా ఉన్న రంగులు ఇస్తే ఎంచుకోవడంలోనే సమయం పోతుంది. అసలు తోలుబొమ్మలకు ఉలితో చిన్న చిన్న చిల్లులు కొడతారు. వెనక నుంచి వెలుగు పడగానే అవి నగల్లా మెరుస్తాయి. దానికి గుర్తుగా పంచె అంచున, దండకడియం మీద రంగు వేయకుండా తెల్ల చుక్కలు వదలమనండి. చిన్నవాళ్లు చుక్కల దగ్గర ఎంతసేపైనా కూర్చుంటారు.

ఏడ్చే పిల్లల సంగతి విడిగా చెప్పాలి. "బాగానే ఉందిగా" అనకండి. వాడికి బాగా లేదు, మీరు ఉందంటే ఇక మిమ్మల్ని నమ్మడు. "ఎక్కడ నచ్చలేదు? వేలు పెట్టి చూపించు" అనండి. మొత్తం పాడైందని ఏడుస్తున్న పిల్లవాడు వేలు పెట్టేసరికి అది ఒక్క చెయ్యి దగ్గరో, ముక్కు దగ్గరో ఆగుతుంది. అప్పుడు సమస్య చిన్నదైపోతుంది. దాన్ని బాగు చేయడానికి వాడి కాగితం మీద మీ పెన్ను పెట్టకండి, ఎంత చిన్న గీతైనా సరే. మీ గీత పడగానే ఆ బొమ్మ వాడిది కాకుండా పోతుంది. పక్కన వేరే చీటీ మీద రెండు మూడు ముక్కులు వేసి చూపించి, ఆ చీటీ మీ దగ్గరే ఉంచుకోండి. నల్ల పెన్ను దాకా వచ్చాక తప్పు పోతే, చిన్న తెల్లకాగితం ముక్క చించి అక్కడ అంటించి దాని మీద మళ్లీ వేయించండి. అతుకు కనబడుతుందని సిగ్గుపడితే, అదే ముక్కకు రంగు వేసి పోలిగాడి చొక్కాకి మాసిక చేసేయొచ్చు.

వయసుల తేడా క్లుప్తంగా చెప్తాను. ఆరేళ్ల వాళ్లకు పొట్ట, తల, పిలక, చుక్కలు చాలు, కాళ్లు చేతులు కర్రల్లా ఉన్నా వదిలేయండి. ఏడెనిమిదేళ్ల వాళ్లు పై అంచెలన్నీ హాయిగా చేస్తారు. తొమ్మిది, పదేళ్ల వాళ్లతోనే జాగ్రత్త. ఆ వయసులో కంటికి తేడాలు బాగా తెలుస్తాయి, చెయ్యి ఇంకా అంత దూరం రాదు. నిజంలా లేదని తమ బొమ్మను తామే కొట్టిపారేసి, చాలామంది ఆ ఏడాదే బొమ్మలు వేయడం మానేస్తారు. వాళ్లకు అందంగా వేయమని చెప్పకుండా ఏదైనా కష్టమైన పని పెట్టండి: పోలిగాడు జారిపడుతున్నాడు, బస్తా మోస్తున్నాడు, చెట్టెక్కి దిగలేకపోతున్నాడు. వాలు గీత కోసం, మోచేతి చుక్క కోసం వెతుకుతుంటే "నిజంలా ఉందా" అనే గొడవ మరిచిపోతారు.

బొమ్మ పూర్తయిన మరుసటి వారం బోర్డు మీద ఏమీ వేయకండి. "ఈ వారం పోలిగాడు ఏం చేస్తున్నాడు?" అని అడిగి కాగితాలు ఇవ్వండి. పోయిన వారం బొమ్మ మళ్లీ అచ్చంగా రావాలని చూడకండి. మడతలు తమంతట తాము వేశారా, ఒంటి వాలుతో మొదలుపెట్టారా, పిలక భంగిమకు తగ్గట్టు మారిందా, ఈ మూడూ గమనించండి. రెండు కనబడినా నేర్చుకున్నట్టే.

అసలు తోలుబొమ్మల ఫొటోలు అప్పుడు చూపించండి, ముందు కాదు. ముందు చూపిస్తే వాటిని దించడానికి చూస్తారు. తాము ఒక పోలిగాడిని వేశాక చూపిస్తే, తోటి కళాకారుల పని చూసినట్టు శ్రద్ధగా చూస్తారు. "వీళ్లు ముక్కు ఇలా వేశారే" అని పోల్చుకుంటారు. శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఇప్పటికీ తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్నాయని, ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చిందని చెప్పండి. మేక తోలును శుభ్రం చేసి, వెలుగు దూరేంత పలచగా చేసి, గీసి, చిల్లులు కొట్టి, రెండు వైపులా రంగులు వేస్తారని, కొన్ని బొమ్మలు మనిషంత ఎత్తుంటాయని చెప్తే పిల్లలు నోరెళ్లబెడతారు. తాము చేస్తున్నది ఏదో ఇంటర్నెట్ కార్టూన్ కాదని, ఎవరో చేతులరిగేలా కాపాడుకొస్తున్న మనిషినని వాళ్లకు తెలియడం నాకు చాలా ముఖ్యం.

ఓపిక ఉంటే బొమ్మను ఆడించవచ్చు. పలచటి అట్ట మీద ఒళ్లు, చేతులు, కాళ్లు విడివిడిగా వేసి కత్తిరించాలి. కీళ్ల దగ్గర రెండు ముక్కలూ ఒకదాని మీద ఒకటి కాస్త ఎక్కేలా చోటు వదలమని ముందే చెప్పండి, లేకపోతే కలిపేటప్పుడు చెయ్యి పొట్టిదైపోతుంది. సూదితో దారం ఎక్కించి రెండు వైపులా ముడి వేస్తే కీలు తయారు. ముడి మరీ బిగించకూడదు. రంగు నీడ కావాలంటే అట్ట బదులు తెల్లకాగితం మీద వేసి, రంగులయ్యాక వెనక నుంచి దూదితో కాస్త కొబ్బరినూనె రుద్దితే కాగితంలోంచి వెలుగు దూరుతుంది. దీనికి మైనపు క్రేయాన్ రంగులు బాగుంటాయి. పలచటి తెల్ల గుడ్డ కట్టి, వెనక ఎల్‌ఈడీ దీపం పెట్టండి. ఒకప్పుడు ఆముదపు దీపాలు పెట్టేవారు, పిల్లల దగ్గర నూనె రాసిన కాగితాలున్నప్పుడు మంట మాత్రం వద్దు. బొమ్మను గుడ్డకు ఆనించి పట్టుకుంటే నీడ స్పష్టంగా పడుతుంది, దీపం వైపు జరిపితే పెద్దదై మసకబారుతుంది. ఇది చెప్పకండి, వాళ్లనే కనుక్కోనివ్వండి.

సమయం గురించి కూడా అడిగారు. ఆరు అంచెలూ ఒకే కూర్చోవడంలో లాగకండి. హాస్యం, నడక, మొదటి నాలుగు అంచెలు ఒక ఆదివారం సరిపోతాయి. కాళ్లు చేతులు, ముఖం, పెన్ను, రంగులు రెండో ఆదివారం. బోర్డు లేకుండా పోలిగాడు ఏదో చేస్తున్న బొమ్మ మూడో ఆదివారం. నాలుగో ఆదివారం బంగారక్క. ఆవిడను మాత్రం మీరు అస్సలు వేయకండి. "పోలిగాడు గుండ్రం అయితే బంగారక్క ఏ ఆకారం? వాడి పిలక పైకి ఉంటే ఆవిడ కొప్పు ఎక్కడ? వాడు వెనక్కి వాలితే ఆవిడ ఎటు?" అని మూడు ప్రశ్నలు బోర్డు మీద రాసి పక్కకు జరగండి. అప్పుడు వచ్చే బంగారక్కల్లో ఏ రెండూ ఒకేలా ఉండవు.